యాదగిరి చెవి

మా తమ్ముడు యాదగిరి చెవి గురించి రాయాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఉద్యోగమున్నన్నాళ్లూ పత్రిక డెస్కులో కూర్చుని ఊరందరి సంగతులు దిద్దాను, కుదించాను, శీర్షికలు పెట్టాను. ఇంట్లోవాడి చెవి జోలికి మాత్రం పోలేదు. పోతే రాతలో నా కడుపుమంట కనపడుతుందని భయం. మొన్న ఆదివారం పొద్దున ఎల్బీ నగర్‌లో ఒక షటరు ముందు, బానెట్ ఎత్తి ఉన్న నారింజరంగు కారు పక్కన వాడు నిలబడ్డ తీరు చూశాను. తల కొంచెం కుడివైపు తిప్పి, ఎడమ చెవిని ఇంజన్‌కు అప్పగించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అచ్చం మా నాయినే. నాయిన పోయి ఇన్నేళ్లయినా ఆ నిలబడే తీరు మా ఇంట్లో ఇంకా బతికే ఉంది. కాకపోతే అది వాడి దగ్గరుంది, నా దగ్గర లేదు. మనవళ్లను ఎత్తుకునే వయసులో కూడా ఈ మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

ఆ కారు యాదగిరి కూతురు మౌనికది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతుంది. తోటి లెక్చరర్లు తెల్లకార్లో వెండిరంగు కార్లో కొనుక్కుంటే, మా పిల్ల వెతికి వెతికి చూడ్డానికి చిన్నదిగా ఉండి తొక్కితే ఎగిరిపోయే టర్బో కారు కొన్నది. కొన్న ఏడాదికే మౌనికకు ఆ ఉరుకు చాలదనిపించింది. ఈ కాలపు కార్లలో ఇంజన్‌ను నడిపేది ఒక చిన్న కంప్యూటరు. ఎంత పెట్రోలు పోయాలి, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలి అన్నది ఆ పెట్టెలోని ఫైలు చెబుతుంది. ల్యాప్‌టాప్ తగిలించి ఆ ఫైలును తిరగరాస్తే అదే ఇంజన్ ఇంకా బలంగా లాగుతుందట. రీమ్యాప్ అంటారు. ఆ పని చేయించబోతున్నానని మౌనిక నాకు ఫోన్ చేసింది.

"పెద్దనాన్న, ఆదివారం ఖాళీయేనా? డాడీ ఒప్పుకున్నడు గానీ ఒక కండిషన్ పెట్టిండు. చేయించినంక బండి రోడ్డు మీదికి తీస్కపోయి ఆయన ఇంటడంట. ఆయన చెవికి మంచిగ అనిపిస్తెనే ఉంచాలె. లేకుంటె అక్కడికక్కడ పాత ఫైలే మళ్ల ఎక్కించాలె."

"మరి నేనెందుకు బిడ్డా?"

"ఏమో. అన్నను గూడ రమ్మను అన్నడు."

ఎందుకు రమ్మన్నాడో నాకప్పుడు తెలియలేదు. తెలిసి ఉంటే ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లోనే ఉండేవాణ్ని.

నల్లగొండ పల్లె విడిచి వచ్చాక మేం దిల్‌సుఖ్‌నగర్ పక్కన, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు కూతవేటు దూరంలో రెండు గదుల కిరాయి పోర్షన్‌లో ఉండేవాళ్లం. ఆ ఇంట్లో కాలెండరు అవసరం ఉండేది కాదు. కిటికీ తెరిస్తే ఏ నెల నడుస్తోందో ముక్కే చెప్పేది. ఎండాకాలం గడ్డిలో మాగుతున్న మామిడికాయల వాసన. వానలు పడితే లారీల చక్రాల కింద నలిగిన బత్తాయిల పుల్లటి కంపు. మిగతా కాలమంతా అరటి ఆకుల, తడిసిన గోనె సంచుల వాసన. ఇంటిలోపల వేరే వాసన ఉండేది. పెట్రోలూ, పచ్చి సిరా కలిసిన వాసన. అది మా నాయిన చొక్కాలది. అమ్మ ఎంత ఉతికినా, ఎంత ఎండలో ఆరేసినా పోయేది కాదు. ఇప్పుడా మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది. మా పోర్షన్ ఉన్నచోట ఆడపిల్లల హాస్టల్ లేచింది. ఆ దారిన వెళ్తే సాంబారు వాసన, ఫినాయిల్ వాసన వస్తాయి. ఏ నెలో తెలియదు.

నాయిన పేపర్ బండి డ్రైవరు. అంటే, పత్రిక అచ్చయిన వెంటనే కట్టలు కారులో వేసుకుని మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా సాగర్ రోడ్డు పట్టి, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం, మాల్, అట్లా దేవరకొండ దాకా ఊరూరా ఏజెంట్లకు దింపుకుంటూ పోవాలి. కట్టలకు చోటు కావాలని ఆ అంబాసిడర్‌లో వెనక సీటు పీకేశారు. ఊళ్లన్నీ తిరిగి, ఎండ ముదిరే వేళకు ఇల్లు చేరి, ఇంత సంకటి తిని పడుకునేవాడు. ఇక అక్కడి నుంచి మా ఇల్లు ఊపిరి బిగబట్టేది. అమ్మ కుక్కర్ కొనలేదు, ఈల వేస్తుందని. బకెట్‌లో నీళ్లు పడేటప్పుడు చప్పుడు రాకుండా నల్లాకు పాత చీర పేలిక కట్టి, దాని వెంట నీళ్లు జారేలా చూసేది. రోలు కింద గోనెపట్టా ఉండేది. మేం ఇద్దరం అన్నదమ్ములం పెదాలు కదిలిస్తూ, గొంతు లేకుండా కొట్లాడుకోవడం నేర్చుకున్నాం. ఆ మూగ కొట్లాటల్లో యాదగిరే గెలిచేవాడు. వాడికి చప్పుడు చేయకుండా గిల్లడం వచ్చు.

సాయంత్రం టీ వాసనకు నాయిన లేచేవాడు. గ్లాసు పట్టుకునే బయటికొచ్చి బానెట్ ఎత్తేవాడు. ఆ గంటా రెండు గంటలు ఆయన మా నాయిన. మిగతా రోజంతా నిద్రదీ, పత్రికదీ. అందుకే ఆ కాస్త పొద్దు కోసం మేమిద్దరం కాచుకుని కూర్చునేవాళ్లం.

బానెట్ ఎందుకు ఎత్తేవాడంటే, అవతలి పత్రిక బండి ఒకటుండేది. దాన్ని నడిపే ఖాజా మామ మలక్‌పేటలో ఉండేవాడు. ఏ బండి ముందు దేవరకొండ బస్టాండు చేరితే ఆ పత్రిక హోటళ్ల బల్లల మీద పరుచుకుంటుంది. రెండోది కట్ట విప్పకుండానే వాపసు వస్తుంది. ఖాజా మామ నాయినకు దోస్తే. వారానికోసారి మా ఇంటికొచ్చి టీ తాగేవాడు, తాగుతూ పొడిచేవాడు.

"ఏం భాయ్, గంత ఆలస్యంగ ఒచ్చినవ్? మీ పేపరు సదివేలోపు రేపటి పేపరొచ్చేటట్టుంది."

"నవ్వు మియా, నవ్వు. రేపు నా బండి దుమ్ము తింటప్పుడు గూడ గట్లనే నవ్వు" అనేవాడు నాయిన. ఖాజా మామ అటు వెళ్లగానే ఇటు స్పానర్ తీసేవాడు.

ఆ రోజుల్లో కంప్యూటర్ లేదు. నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పేది ఇంజన్ పక్కన ఉండే డిస్ట్రిబ్యూటర్. దాని బోల్టు వదులు చేసి, చేత్తో వెంట్రుకవాసి ముందుకు తిప్పితే రవ్వ కాస్త ముందుగా పుడుతుంది, బండి లాగుడు పెరుగుతుంది. ఆశకొద్దీ ఇంకాస్త తిప్పితే ఇంజన్ లోపల పెట్రోలు కాలకూడని వేళ కాలి, లోపలి నుంచి కొట్టడం మొదలవుతుంది. అట్లా కొట్టించుకుంటూ నడిపితే కొన్నాళ్లకు పిస్టన్లు దెబ్బతింటాయి. కాబట్టి కిటుకంతా ఎక్కడ ఆగాలో తెలియడంలో ఉంది. అది చెప్పేది చెవి ఒక్కటే. ఆ చప్పుడు మొదలవుతున్నప్పుడు ఎంత సన్నగా ఉంటుందంటే, ఇత్తడి గిన్నెలో నాలుగు శనగలు వేసి ఎవరో దూరంగా ఆడించినట్టు ఉంటుందట. ఉంటుందట అనే రాస్తున్నాను. నేను వినలేదు.

నాయినకూ వినపడేది కాదు. ఏళ్ల తరబడి కుడిపక్క అద్దం దించుకుని గాలిలో బండి నడిపి నడిపి ఆయన కుడిచెవి మూసుకుపోయింది. ఎడమచెవి కొంత పనిచేసేది గానీ ఆ సన్నచప్పుడు దానికి అందదు. అందుకని ఆయనకు ఒక చెవి కావాల్సి వచ్చింది. ఇంట్లో ఇద్దరు కొడుకులం ఉన్నాం. పెద్దవాణ్ని నేను. చదువుకునేవాణ్ని, చెప్పిన పని చేసేవాణ్ని. నన్నే పిలుస్తాడనుకున్నాను. ఒక సాయంత్రం ఇద్దర్నీ బానెట్ దగ్గర నిలబెట్టి, "ఏమినవడుతుందో చెప్పుండ్రి" అన్నాడు. నేను "ఇంజన్ సప్పుడు నాయినా" అన్నాను. యాదగిరి కాసేపు కళ్లు మూసుకుని, "మూడు తీర్ల సప్పుళ్లున్నయి. ఒకటి ఈల లెక్క, ఒకటి కుట్టుమిషిన్ లెక్క, ఇంకోటి ఎవరో గురక పెట్టినట్టు" అన్నాడు. నాయిన వాడి తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే అమ్మను కేకేశాడు.

"ఏమేవ్, ఇగో, నాకు చెవి దొరికింది!"

ఆ చెయ్యి నాకింకా కనిపిస్తుంది. గ్రీజు నల్లటి గీతలతో, వాడి చింపిరి జుట్టు మీద.

అప్పటి నుంచి డిస్ట్రిబ్యూటర్ తిప్పిన ప్రతి సాయంత్రం బండి సాగర్ రోడ్డు ఎక్కేది. తుర్కయంజాల్ దాటాక రోడ్డుకు ఒక మిట్ట ఉండేది. ఇంజన్ కొట్టేదీ లేనిదీ బండి బరువుతో, పెద్ద గేరులో ఎత్తు ఎక్కేటప్పుడే తెలుస్తుంది. యాదగిరి ముందు సీట్లో, నాయిన ఎడమపక్కన కూర్చునేవాడు. మరి బరువో? కట్టలు లేని బండి తేలిక. మొదటిరోజు నాయిన ఇంట్లో మూలనపడ్డ వాపసు పేపర్ల కట్టలు కొన్ని వెనక వేసి, చాలవేమోనని చూసి, గడపలో నిలబడ్డ నన్ను చూశాడు.

"సత్తిగా, నువ్వెక్కు. బరువుంటది."

ఎక్కాను. ఆ మిట్ట ఎన్నిసార్లు ఎక్కామో గానీ, ప్రతిసారీ నేను వెనక, సీటు పీకేసిన ఖాళీలో, పాత వార్తల మీద చతికిలబడి, ముందు కూర్చున్న ఆ రెండు తలలనూ చూస్తూ పోయాను. మిట్ట దగ్గర నాయిన తల వాడివైపు వాలేది. "ఏం యాదిగా?" అనేవాడు చిన్నగా, గుడిలో అడిగినట్టు. వాడు వెంటనే చెప్పేవాడు కాదు. చిన్నముండాకొడుకు, కాసేపు ఊరించేవాడు. "కొడ్తుంది నాయిన. జర్రంతనే." బండి ఆగేది, బోల్టు వెంట్రుకవాసి వెనక్కి తిరిగేది, మళ్లీ కిందికి దిగి మళ్లీ ఎక్కేవాళ్లం. వాడి నోటి మాట మీద అంత పెద్ద బండి ముందుకూ వెనక్కూ పోయేది. నా నోట్లోనూ మాటలుండేవి. ఎవరూ అడగలేదు.

చెవి నేర్చుకుంటే వస్తుందనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ ఇత్తడి గిన్నె తీసి, డబ్బాలో పుట్నాలు కాకుండా గట్టి శనగలే ఏరి నాలుగు వేసి, తడిక చాటున కూర్చుని మెల్లగా ఆడిస్తూ వినసాగాను. ఆ చప్పుడును మనసులో అచ్చు వేసుకుంటే ఇంజన్‌లో గుర్తుపట్టవచ్చని ఆశ. పక్క గదిలో నాయిన నిద్ర. అమ్మ పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి గిన్నె లాక్కుని, గొంతు లేకుండా, పెదాలతోనే తిట్టింది. "ఏందిరా గీ లొల్లి? మీ నాయిన పండుకున్నడు కనవడ్తలేదా?" నేనూ పెదాలతోనే, "ఏం లేదమ్మా" అన్నాను. కొడుకు పక్క గదిలో నాయిన చెవి కావాలని సాధన చేస్తున్నాడని ఆ తల్లికి ఏమని చెప్పను?

తర్వాతిసారి మిట్ట ఎక్కుతుంటే నాకు నిజంగానే వినిపించింది. టకటకమని, లోహం లోహాన్ని తాకినట్టు. యాదగిరి ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు. "ఏం లేదు నాయిన. ఇంక జర తిప్పొచ్చు" అన్నాడు. నేను ఆగలేకపోయాను.

"కొడ్తుంది నాయినా! వాడికి ఇనవడ్తలేదు. నాకు ఇనవడుతుంది!"

నాయిన బండి పక్కకు ఆపాడు. దిగి, చుట్టూ తిరిగొచ్చి వెనక తలుపు తీశాడు. "ఏడ?" అన్నాడు. "గీడనే నాయినా, టకటకమంటుంది" అన్నాను. నేను కూర్చున్న కట్టల కింద చెయ్యి పెట్టి, టైరు మార్చేటప్పుడు బండిని పైకెత్తే జాకీ ఒకటి బయటికి లాగాడు. దాన్ని తెచ్చి నా ఒడిలో పెట్టాడు.

"గిదిరా నువ్విన్నది. పట్టుకొని కూసో."

ఆయన నవ్వాడు. కోపంతో కాదు, ప్రేమగానే. యాదగిరి సీటు మీదికెక్కి వెనక్కి తిరిగి, డోక్కునేంత నవ్వాడు. ఇంటిదాకా జాకీ ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాను. నిక్కరు మీది గ్రీజు మరక ఎట్లా పడిందని అమ్మ అడిగితే వాడే చెప్పాడు. వారం తిరిగేలోపు ఖాజా మామకూ చేరింది. ఆయన పోయేదాకా నన్ను పేరుతో పిలవలేదు. "ఏం జాకీ, మంచిగున్నవా?" అనే అడిగేవాడు.

నేను పత్రికలో చేరాక ఈ అసూయ తగ్గుతుందనుకున్నాను. అది కొత్త దారి పట్టింది. జిల్లా పేజీలు కట్టేది మా డెస్కే. ఆ పేజీలు మోసుకెళ్లేది మా నాయిన బండే. ఒక్కోసారి చివరి వార్త కోసం ఆగి పేజీ ఆలస్యంగా వదిలేవాళ్లం. ఇంటికొస్తే నాయిన సంకటి తింటూ, "మీవోళ్లు ఇయ్యాల లేటు జేసిండ్రు సత్తిగా. అయినా ఖాజా కన్న ముందే పడ్డ. బండి అట్లుంది మరి. అంతా యాదిగాని చెవి" అనేవాడు. నేను రాసిన శీర్షిక చూశావా నాయినా అని అడగాలనిపించేది. ఆయనకు చదవడం అంతంతమాత్రం. పైగా మా తెలివి వల్ల పోయిన సమయాన్ని తమ్ముడి చెవి తిరిగి సంపాదించి పెట్టింది. ఇంకేం అడుగుతాను?

యాదగిరి పెద్దయ్యాక సరూర్‌నగర్‌లో చిన్న గ్యారేజీ పెట్టుకున్నాడు. యాదన్న చెవి పెడితే చాలు, రోగం తెలుస్తుందని బండ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. తర్వాత కార్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. వైరు తగిలిస్తే తెర మీదే రోగం పేరు పడుతుంటే చెవితో పనేముంది? ఒకరొకరే తగ్గారు. వాడు షటరు దించి, దాన్ని ఎవరికో పళ్లరసాల దుకాణానికి కిరాయికిచ్చాడు. ఆ సంగతి విన్నరోజు నేను అయ్యో అన్నాను. అయ్యో అన్న నోటి వెనక ఇంకేదో మెత్తగా కదిలింది. దాన్ని సంతోషం అనను గానీ, దానికి దగ్గరి చుట్టమే.

మొన్నటి షటరు ఎల్బీ నగర్ చౌరస్తాకు కాస్త ఇవతల, గ్రానైట్ దుకాణం పక్క సందులో ఉంది. పైన మెట్రో, కింద ఫ్లైఓవర్ల కాళ్లు, మధ్యలో ఈ సందు. నూనె మరక లేదు, స్పానర్ లేదు. టేబుల్ మీద ల్యాప్‌టాప్, పక్కన అగర్‌బత్తి వెలుగుతున్న చిన్న వినాయకుడు. రీమ్యాప్ చేసే అబ్బాయి పేరు చైతన్య. గుంటూరు వైపు కుర్రాడు, నిదానంగా, మర్యాదగా మాట్లాడతాడు. స్టీరింగ్ కింద వైరు గుచ్చి తెర మీద అంకెలు చూపిస్తూ చెప్పాడు.

"ఈ ఇంజన్‌కి ఇంకా చాలా పవర్ ఉందండి. కంపెనీవాళ్లే తగ్గించి పంపుతారు. అన్ని ఊళ్ల పెట్రోలూ పడాలి, అందరూ నడపాలి కదా. మనం ఆ పట్టు కొంచెం వదులుతాం, అంతే."

కంపెనీ పంపిన ఫైలుతోనే బతికి రిటైరైపోయినవాళ్లు కార్లలోనే కాదు, మనుషుల్లోనూ ఉంటారని ఆ అబ్బాయికి చెప్పాలనిపించింది. యాదగిరి అంతలో అడ్డం వచ్చాడు.

"అంతా మంచిదే బాబూ. మరి ఇంజన్ కొడితే ఎట్ల తెలుస్తది?"

"దానికి సెన్సార్ ఉంటుంది అంకుల్. ఇంజన్ మీదే బిగించి ఉంటుంది, చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది. లోపల కొట్టడం మొదలవగానే అది వినేసి, టైమింగ్ తనే తగ్గించుకుంటుంది."

"అంటే చెవి అన్నమాట" అన్నాను నేను. అనకుండా ఉండలేకపోయాను.

"ఆ, చెవేనండి" అన్నాడు చైతన్య నవ్వుతూ.

యాదగిరి ఇంజన్ వైపు ఒకసారి వంగి, ఆ గుండీ ఎక్కడుందా అన్నట్టు వెతికి, కనపడక లేచాడు. నాయిన చెయ్యి పెట్టిన ఆ తలకు ఇప్పుడు జుట్టు లేదు. చిన్నప్పటి నుంచి నేను కుళ్లుకున్న పదవిని ఒక గుండీ చేస్తోంది, ఊరించకుండా, నవ్వకుండా. లోపల గంతులేయాల్సిన మాట. ఒకటి రెండు వేశాను కూడా. తర్వాత ఎందుకో కాళ్లు ఆడలేదు.

ఫైలు ఎక్కడం అయింది. పాతదాన్ని దాచిపెట్టాననీ, అంకుల్ వద్దంటే పది నిమిషాల్లో మళ్లీ ఎక్కిస్తాననీ చైతన్య చెప్పాడు. "ఇప్పుడు రోడ్డు మీద చూద్దాం మేడం. నేను వెనక కూర్చుని ల్యాప్‌టాప్‌లో లాగ్, అదే ఇంజన్ రికార్డు, చూస్తాను. ఇంకెవరైనా ఎక్కితే బాగుంటుంది, బరువు ఉంటే కరెక్టుగా తెలుస్తుంది."

"అందుకే గద మా అన్నను తెచ్చింది" అన్నాడు యాదగిరి, ముందు తలుపు తీస్తూ.

మౌనికకు అర్థం కాలేదు గానీ నవ్వింది. నేను వెనక ఎక్కాను.

సాగర్ రోడ్డు మీద ఆదివారం పొద్దున పెద్దగా బండ్లు లేవు. ఫంక్షన్ హాళ్లు, ప్లాట్ల బోర్డులు, బిర్యానీ హోటళ్లు వెనక్కి పరుగెత్తాయి. తుర్కయంజాల్ దాటింది. మా మిట్టను ఎప్పుడో చెక్కి, డివైడర్ వేసి, చదును చేశారు. ఇప్పుడక్కడ ఒక మిట్ట ఉండేదని కారుకు తెలియదు. తెలిసినవాళ్లం ఇద్దరమే, ముందొకరం, వెనకొకరం. "మేడం, థర్డ్ గేర్‌లోనే ఉంచి ఒక్కసారి పూర్తిగా తొక్కండి" అన్నాడు చైతన్య. మౌనిక తొక్కింది. ఎవరో రెండు చేతులతో నా ఛాతీ మీద నెట్టినట్టయింది. కారు ఉరకలేదు, లేచింది. ఆ పిల్ల ముఖం పక్క నుంచి చూశాను. చిన్నప్పుడు నేను ఏ ముఖంతో ముందు సీటును చూసేవాణ్నో దానికి సరిగ్గా ఎదురుముఖం అది.

యాదగిరి చెయ్యి పైకెత్తాడు.

"ఆపు బిడ్డా. కొడ్తుంది."

కారు నెమ్మదించింది. చైతన్య తెర నా వైపు కూడా తిప్పి చూపించాడు. "లేదండి అంకుల్, లాగ్ శుభ్రంగా ఉంది. సెన్సార్‌కి ఏమీ వినపడలేదు."

"నీ డబ్బకు ఇనవడకపోతే నేనేం జేయాలె? నాకు ఇనవడ్డది."

"డాడీ, పక్కానా?" అంది మౌనిక. కొత్త ఫైలు పోతుందన్న దిగులు ఒకటీ, తండ్రి చెవికి ఏమైందోనన్న భయం ఒకటీ, రెండూ ఉన్నాయి ఆ గొంతులో. మాట ఇచ్చిన పిల్ల. వాడు వద్దంటే నిజంగానే తీసేయిస్తుంది. తీసేయించాక జీవితాంతం వాడి చెవిని అనుమానిస్తుంది.

"ఇంకోసారి తొక్కు. నువ్వే ఇను" అన్నాడు వాడు.

తొక్కింది. ఈసారి నేనూ విన్నాను. టకటకమని, లోహం లోహాన్ని తాకినట్టు. ఈ ప్రపంచంలో నేను పొరపాటు పడకుండా గుర్తుపట్టగల చప్పుడు ఒకే ఒక్కటి ఉంటే, అది ఇదే. ఇంజన్ కాదది. జాకీకి తమ్ముడు. కిందికి చూశాను. యాదగిరి సీటు కింద, నా బూటు ముందర, మౌనిక కోచింగ్‌కు తీసుకెళ్లే స్టీల్ టిఫిన్ డబ్బా. లోపల చెంచా ఉన్నట్టుంది. కారు ఉరికినప్పుడల్లా అది డబ్బాను కొడుతోంది.

వంగి డబ్బా తీసి వాడి ఒడిలో పెడితే సరిపోయేది. "గిదిరా నువ్విన్నది. పట్టుకొని కూసో" అనే మాట, నాయిన గొంతుతో సహా, నా నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆ మాటను అక్కడ ఎన్నేళ్లుగా దాచి ఉంచానో. వాడి మెడ వెనక ముడతలు కనిపిస్తున్నాయి. ఎడమచెవి ఇంజన్ వైపు, పూర్తి నమ్మకంతో, నిక్కపొడుచుకుని ఉంది. ఆ చెవికి చెంచాకూ పిస్టన్‌కూ తేడా తెలియకుండా పోయింది. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నా చిన్నతనమంతా కాలింది ఆ చెవి కోసమే. అది చెంచాను పట్టుకుని ఇంజన్ అంటే, నేను ఇంతకాలం ఏడ్చింది దేన్ని చూసి? కుళ్లుకుంటే కుళ్లుకున్నాను, చవక వస్తువును చూసి కుళ్లుకున్నానని మాత్రం ఒప్పుకోలేను.

బూటు ముందుకు జరిపి డబ్బాను సీటు కాలికి గట్టిగా అదిమాను.

"కొడ్తుంది" అన్నాను. "నాకు గూడ ఇనవడ్డది. జర్రంతనే. వెంట్రుకవాసి వెనక్కి తీస్తే పోతది."

చైతన్య నా ముఖం చూశాడు. తర్వాత నా బూటు చూశాడు. తెలివైన కుర్రాడు. "సరేనండి, కొంచెం తగ్గిస్తాను" అని చాలా శ్రద్ధగా కీలు టపటపలాడించాడు. నాకు కనిపించినంతలో తెర మీద ఒక్క అంకె కూడా మారలేదు. "అయిందండి. ఇప్పుడు చూడండి మేడం."

మౌనిక తొక్కింది. నేనూ తొక్కాను, డబ్బాను. కారు మళ్లీ లేచింది, మిట్ట లేని మిట్ట మీద. యాదగిరి కళ్లు మూసుకుని విన్నాడు. ఎప్పటిలాగే వెంటనే చెప్పలేదు, కాసేపు ఊరించాడు.

"ఆఁ. ఇప్పుడు మంచిగుంది. ఉండనియ్" అన్నాడు.

"థ్యాంక్యూ డాడీ!" అని మౌనిక స్టీరింగ్ మీద చేత్తో దరువేసింది. చైతన్య ల్యాప్‌టాప్ మూసి, అద్దంలోంచి బయటికి చూస్తూ నవ్వు దాచుకున్నాడు. నేను వెనక్కి వాలాను. పని అయిపోయిందనుకున్నాను. ఇబ్రహీంపట్నం వైపు కాస్త పోయి, యూటర్న్ తీసుకుని మళ్లీ తుర్కయంజాల్ చేరాం. యాదగిరి తన ముందున్న ఎండతెర కిందికి దించాడు. దానికి చిన్న అద్దం ఉంది. ఆ అద్దంలో వాడి కళ్లు నన్ను వెతికి పట్టుకున్నాయి.

"అన్నా. నీకెట్ల ఇనవడ్డది?"

"ఇనవడ్డది."

"నీకు ఇనవడకపోయేది గద. నాయిన నీకు గూడ నేర్పిండా?"

నేను కిటికీలోంచి ప్లాట్ల బోర్డులు చదువుతున్నాను.

"ఎప్పుడు నేర్పిండు? నేను లేనప్పుడా? నేను అమ్మమ్మోళ్ల ఊరికి పోయినప్పుడా?"

ఆ గొంతు నాకు తెలుసు. సీటు లేని బండిలో, పాత వార్తల కట్టల మీద కూర్చుని, ముందు తలలను చూస్తూ నాలో నేను మాట్లాడుకున్న గొంతు అది. వాడి నోటి నుంచి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అద్దంలో ఆ ముసలి కళ్లు తిప్పుకోవడం మర్చిపోయి, నన్నే చూస్తున్నాయి. చెప్పేయవచ్చు. ఒక్క మాటతో వాడు నిమ్మళించి, మళ్లీ నవ్వుతాడు.

నేను ప్లాట్ల బోర్డులే చదువుకుంటూ పోయాను. ఎల్బీ నగర్ వచ్చేదాకా డబ్బా మీది నుంచి కాలు కూడా తీయలేదు.